వరంగల్‌లో క్యాన్సర్ పరిశోధనకు ఒక అంతస్తు ఇవ్వండి

కాకతీయ విశ్వవిద్యాలయం, కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉపకులపతులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతులకు నమస్కారం.

నేను హనుమకొండలో డిగ్రీ పిల్లలకు చాలాకాలం జువాలజీ చెప్పి రిటైరైన లెక్చరర్‌ని. ఈ ఉత్తరం మీ ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. నేను అడిగే పని మీలో ఏ ఒక్కరి వల్లా అయ్యేది కాదు. కాకతీయలో బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, జువాలజీ, ఫార్మసీ చదివే పిల్లలున్నారు, వాళ్లకు చెప్పే మంచి అధ్యాపకులున్నారు. కాళోజీ విశ్వవిద్యాలయం కింద వైద్య కళాశాలలున్నాయి, వాటికి ఆస్పత్రులున్నాయి, ఆ ఆస్పత్రులకు ఆదిలాబాద్ నుంచి ములుగు దాకా రోగులు వస్తారు. శరీరంలోని రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ను ఎదుర్కొనే వైద్యం మీద ఈ రెండు వైపుల వాళ్లూ కలిసి పనిచేసే చోటు ఒకటి వరంగల్‌లో ఏర్పాటు చేయండి. పాత సెంట్రల్ జైలు స్థలంలో లేచిన 24 అంతస్తుల ఆస్పత్రి భవనంలో ఒక్క అంతస్తు దీనికి ఇప్పించండి.

ఇమ్యునాలజీ పాఠం చెప్పినప్పుడల్లా నేను జేమ్స్ ఆలిసన్ సంగతి చెప్పేవాణ్ని. 2018లో జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజోతో కలిసి వైద్యంలో నోబెల్ బహుమతి అందుకున్న అమెరికన్ ఆయన. 1948లో టెక్సస్‌లోని ఆలిస్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి డాక్టరు. తల్లి లింఫోమా అనే క్యాన్సర్‌తో పోయేనాటికి ఆయనింకా చిన్నపిల్లాడు. హైస్కూల్లో డార్విన్ పేరెత్తకుండా బయాలజీ చెబుతామంటే ఆ క్లాసులో కూర్చోనని పట్టుబట్టి, టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్ల కరస్పాండెన్స్ కోర్సులో బయాలజీ చదువుకున్నాడట. మా పిల్లలకు ఈ ముక్క బాగా నచ్చేది.

పీహెచ్‌డీ రోజుల్లో ఆయన పని ఆస్పరాజినేజ్ అనే ఎంజైమ్ మీద. పిల్లల రక్త క్యాన్సర్‌కు ఇప్పటికీ వాడే మందే అది. ఎలుకలకు దాన్ని ఇస్తే క్యాన్సర్ తగ్గిపోయింది. ఎవరైనా అక్కడితో సంతోషపడి థీసిస్ రాసుకుంటారు. ఆయన మాత్రం నయమైన ఎలుకలకే మళ్లీ క్యాన్సర్ కణాలు ఎక్కించి చూశాడు. ఈసారి ఏ మందూ ఇవ్వకపోయినా వాటికి క్యాన్సర్ రాలేదు. ఎలుక ఒంట్లో ఏదో ఆ కణాలను గుర్తుపెట్టుకుంది. అలా గుర్తుపెట్టుకునేవి రక్తంలోని తెల్లకణాల్లో ఒక రకమైన టీ కణాలు. వాటి వెంట ఆయన జీవితమంతా పడ్డాడు. టీ కణం శత్రువును గుర్తుపట్టే గ్రాహక ప్రోటీన్‌ను 1982లో పట్టుకున్నవాళ్లలో ఆయన ఒకరు.

ఆ తర్వాత కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఆయన ల్యాబ్ సీటీఎల్ఏ-4 అనే ప్రోటీన్ మీద పనిచేసింది. దాన్ని మొదట కనిపెట్టింది 1987లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు. అది టీ కణానికి బ్రేకు లాంటిదని 1990ల మధ్యకల్లా తేలింది. బ్రేకు సంగతి తెలిసిన ఇతర ల్యాబ్‌ల వాళ్లు దాన్ని ఇంకా గట్టిగా తొక్కి, రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదికే తిరగబడే జబ్బులను ఆపవచ్చేమోనని చూశారు. ఆలిసన్ ఆ బ్రేకును వదిలేస్తే టీ కణాలు క్యాన్సర్ మీద పడతాయా అని అడిగాడు. 1994 చివర్లో ఎలుకల మీద మొదటి ప్రయోగం చేశారు. ఫలితం చూసి ఆగలేక క్రిస్మస్ సెలవుల్లోనే మళ్లీ చేశారు. బ్రేకును అడ్డుకునే యాంటీబాడీ ఇచ్చిన ఎలుకల్లో కణితులు మాయమయ్యాయి. 1996లో ఆ పేపర్ అచ్చయింది.

కానీ మందుల కంపెనీలు పెద్దగా పట్టించుకోలేదు. రోగనిరోధక శక్తితో క్యాన్సర్ తగ్గించాలన్న ప్రయత్నాలు అంతకుముందు చాలాసార్లు బెడిసికొట్టాయి కాబట్టి ఎవరికీ నమ్మకం లేదు. ఇక్కడ ఆయన చేసిన ఒక పని మీద మీ దృష్టి నిలపాలని కోరుతున్నాను. బర్క్‌లీ ఎంత గొప్ప విశ్వవిద్యాలయమైనా అక్కడ క్యాన్సర్ రోగులుండే ఆస్పత్రి లేదు. 2004లో ఆయన ఇరవై ఏళ్ల బర్క్‌లీ ఉద్యోగం వదిలి, న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆస్పత్రికి మారాడు. తన మందును మనుషుల మీద పరీక్షిస్తున్న డాక్టర్ల పక్కన ఉండటానికే మారాడు. అక్కడే ఒకరోజు డాక్టరు ఆయన్ను పిలిచి ఒక రోగిని చూపించాడు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ 22 ఏళ్లకే వచ్చి, ఊపిరితిత్తులకు, మెదడుకు పాకిన అమ్మాయి. ట్రయల్‌లో ఆ మందు తీసుకున్నాక కణితులు పోయి బతికింది. ఇపిలిముమాబ్ అనే ఆ మందుకు 2011 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. ఎలుకల ప్రయోగం నుంచి లెక్కేస్తే పదహారేళ్లు దాటింది.

ల్యాబ్ నుంచి రోగి మంచం దాకా రావడానికి ఆ శాస్త్రవేత్త ఒక తీరం నుంచి ఇంకో తీరానికి, దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి కాపురం మార్చుకోవాల్సి వచ్చింది. మన దగ్గర విద్యారణ్యపురిలోని కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి వరంగల్ పెద్దాస్పత్రి ఎంజీఎంకు ఆటోలో పోవచ్చు. అయినా ఆ ల్యాబ్‌లో ఉన్నవాళ్లకు ఈ వార్డులో ఏం జరుగుతోందో తెలియదు, వార్డులో ఉన్నవాళ్లకు ఆ ల్యాబ్‌లో ఏముందో తెలియదు. ఇది నన్ను చాలా ఏళ్లుగా బాధపెడుతున్న విషయం.

2012లో ఆలిసన్ టెక్సస్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రానికి వెళ్లాడు. అక్కడ ఆయనతో కలిసి పనిచేస్తున్న డాక్టర్ పద్మనీ శర్మ గయానాలో పుట్టిన భారత సంతతి వైద్యురాలు, ఆయన భార్య కూడా. వాళ్ల పద్ధతి చూడండి. మందు ఇవ్వకముందు రోగి కణితి నుంచి ఒక ముక్క, ఇచ్చాక ఇంకో ముక్క తీసి, మధ్యలో ఏం మారిందో ల్యాబ్‌లో చూస్తారు. ఎవరికి మందు పనిచేసింది, ఎవరికి చేయలేదు, ఎందుకు చేయలేదు అన్నది మనుషుల నుంచే నేర్చుకుంటారు. ఆ ప్రశ్నతో మళ్లీ ఎలుకల దగ్గరికి వెళతారు.

ఈ వైద్యం అందరికీ పనిచేయదు, ఆ సంగతి దాచకూడదు. చాలామందిలో కణితి ఏమాత్రం కరగదు. బ్రేకు వదిలిన టీ కణాలు ఒక్కోసారి పేగుల మీద, థైరాయిడ్ మీద, ఊపిరితిత్తుల మీద పడతాయి. నిపుణులు దగ్గరుండి చూసుకోకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అన్నిటికీ మించి ధర. హోంజో 1992లో కనిపెట్టిన పీడీ-1 అనే ఇంకో బ్రేకు మీద పనిచేసే నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ వంటి మందులు పూర్తి మోతాదులో కొన్ని నెలలు వాడాలంటే మధ్యతరగతి ఇల్లు కూడా అమ్ముడుపోతుంది.

మా మేనత్త మెట్‌పల్లి వైపు బీడీలు చుట్టేది. ఒళ్లో చేట, చేటలో తునికాకు, తంబాకు, చుట్టిన బీడీకి దారం కడుతూనే మాట్లాడేది. తంబాకు నమిలే అలవాటు కూడా ఉండేది. దవడ లోపల పుండు మానకపోతే ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయింది, కరెంటు (రేడియేషన్) పెట్టించాం, కీమో అయింది. మళ్లీ తిరగబెట్టింది. అప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి డాక్టరు కూర్చోబెట్టి నిదానంగా చెప్పాడు. ఇమ్యునోథెరపీ అని ఒకటి ఉందనీ, ఒక్కో డోసుకు లక్షలవుతుందనీ, పనిచేస్తుందన్న గ్యారంటీ ఇవ్వలేననీ. ఆయన నిజాయతీగానే చెప్పాడు. బయటికి వచ్చాక మా అత్తమ్మ నన్ను అడిగింది, "గా మందు మనసొంటోళ్ల కోసం కాదా బిడ్డా?" అని. క్లాసులో ఏళ్లతరబడి ఆ మందు గురించి చెప్పిన నా దగ్గర ఆమెకు చెప్పడానికి మాట లేకపోయింది. కొన్ని నెలలకు ఆమె పోయింది.

ఆ తర్వాత, 2022లో, ముంబైలోని టాటా మెమోరియల్ ఆస్పత్రి డాక్టర్లు ఒక ట్రయల్ ఫలితాలు ప్రచురించారు. నోరు, గొంతు వంటి తల, మెడ భాగాల క్యాన్సర్ ముదిరిన 151 మంది రోగులను రెండు గుంపులు చేశారు. అందరికీ రోజూ, వారానికీ వేసుకునే చవక మాత్రల వైద్యమే ఇచ్చారు. ఒక గుంపుకు మాత్రం దాంతోపాటు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ ఎక్కించారు. మామూలుగా ఇచ్చే మోతాదులో అది పదో వంతు కూడా కాదు. ఏడాది తర్వాత చూస్తే, మాత్రలే వేసుకున్న గుంపులో బతికున్నవాళ్లు 16.3 శాతం. చిన్న మోతాదు నివోలుమాబ్ కూడా తీసుకున్న గుంపులో 43.4 శాతం.

ఈ అంకెలను కాసేపు చూడండి. పేద, మధ్య ఆదాయ దేశాల్లో ఈ క్యాన్సర్‌కు ఆమోదం పొందిన కొత్త మందులు 1 నుంచి 3 శాతం రోగులకు మాత్రమే అందుతున్నాయని ఆ పరిశోధకులే రాశారు. అంటే నూటికి తొంభై ఏడు మంది మా అత్తమ్మ లాంటివాళ్లే. వాళ్ల కోసం ఎవరో ఒకరు "ఇంత మందు నిజంగా అవసరమా?" అని అడగాలి. మందు అమ్మే కంపెనీ ఆ ప్రశ్న అడగదు. అమెరికాలో ఇన్సూరెన్స్ ఉన్న రోగికీ ఆ అవసరం అంతగా రాదు. ఆ ప్రశ్న ప్రభుత్వ డబ్బుతో నడిచే మన ఆస్పత్రి నుంచే రావాలి. ముంబై నుంచి వచ్చింది. వరంగల్ నుంచి ఎందుకు రాకూడదు?

ఆ ట్రయల్‌లో వాడిన మాత్రల్లో ఒకటి మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు అధిపతిగా ఉన్నప్పుడు ఆయన బృందం తయారుచేసిన మందుల కుటుంబానికి చెందింది అది. 1948లో ఆయన పోయారు. ఒక తెలుగువాడి ల్యాబ్ నుంచి వచ్చిన మందు, ఒక జపాన్ శాస్త్రవేత్త కనిపెట్టిన బ్రేకును అడ్డుకునే మందుతో కలిసి, బీడీలు చుట్టే ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్ మీద ముంబైలో పనిచేసింది. సుబ్బారావు గారి పేరు చెప్పుకొని సభలు పెట్టడం మనకు బాగానే వచ్చు. ఆయన చేసిన పని మన ఊళ్లో జరిగే ఏర్పాటు చేస్తే ఆయనకు అంతకంటే గౌరవం.

నిపుణులు లేరు, పరికరాలు లేవు అని మీరు అనవచ్చు. కొంత నిజమే. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి చేసిన, 2023లో అనుమతి పొందిన, రోగి టీ కణాలనే ల్యాబ్‌లో మార్చి మళ్లీ ఎక్కించే కార్-టీ కణ చికిత్స లాంటిది రేపే ఇక్కడ మొదలుపెట్టమని నేను అడగడం లేదు. కోట్ల రూపాయల పరికరం అవసరం లేని పని ఒకటి చెబుతాను.

ముక్క పరీక్షకు తీసిన కండను ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో దిమ్మ చేసి, వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని పొరలుగా కోస్తారు. గాజు పలక మీద అతికించి రంగు వేస్తారు. మామూలు మైక్రోస్కోపు కింద పెడితే కణాల కేంద్రకాలు నీలంగా, మిగతాదంతా గులాబీ రంగులో కనిపిస్తుంది. పెద్ద పెద్ద, వంకరటింకర కేంద్రకాలతో గుంపులుగా ఉన్నవి క్యాన్సర్ కణాలు. వాటి చుట్టూ, ఒక్కోసారి వాటి మధ్యలోకి చొచ్చుకొని, చిన్న చిన్న ముదురు నీలం చుక్కలుంటాయి. అవి లింఫోసైట్లు. ఆలిసన్ వెంటపడిన టీ కణాలు వాటిలోనే ఉంటాయి. కొందరి పలకలో చుక్కలు కిక్కిరిసి ఉంటాయి, కొందరి పలకలో వెతికినా దొరకవు. కణితిలోకి అవి ఎన్ని వచ్చాయన్న లెక్కకూ రోగి ఎన్నాళ్లు బతుకుతాడన్నదానికీ చాలా క్యాన్సర్లలో సంబంధం కనిపించింది. తంబాకు నమిలే మన వాళ్ల నోటి క్యాన్సర్‌లో ఆ చుక్కలు ఎలా ఉన్నాయో లెక్కపెట్టడానికి కావాల్సింది మైనపు దిమ్మలు, మైక్రోస్కోపు, నేర్పే పాథాలజిస్టు, ఓపికున్న విద్యార్థి. ఈ నాలుగూ వరంగల్‌లో ఉన్నాయి.

నా దగ్గర డిగ్రీ చదివి ఎమ్మెస్సీకి వెళ్లిన ఒక అమ్మాయి సరిగ్గా ఈ పనే చేయాలనుకుంది. ఒక ఆస్పత్రికి వెళితే, పరిశోధనలో రోగులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి తెమ్మన్నారు. ఆ కమిటీ బయటి విద్యార్థుల దరఖాస్తు తీసుకోదన్నారు. చదివే చోట అడిగితే ముందు ఆస్పత్రి నుంచి ఒప్పుకోలు లెటర్ తెస్తే చూద్దామన్నారు. ఎవరూ ఆమెను కసిరి పంపలేదు, అందరూ మర్యాదగానే మాట్లాడారు. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కకు కాపలా ఉండాల్సిందే, ఆ నిబంధనలు నేను తప్పంటే అది అన్యాయం. కానీ ఆమె తట్టడానికి తలుపంటూ ఎక్కడా లేదు. చివరికి గడువు దగ్గరపడి టెన్షన్‌తో, మందు అణువు ప్రోటీన్‌కు ఎలా అతుక్కుంటుందో కంప్యూటర్ మీదే చూసే డాకింగ్ ప్రాజెక్టు ఒకటి చేసి డిగ్రీ తెచ్చుకుంది. ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో ఒక ఫార్మా కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో మాత్రల బరువు చూస్తోంది. ఉద్యోగం చెడ్డదని కాదు. ఆ పిల్ల చేతులకు, కళ్లకు, తెలివికి మన ఊళ్లో పని ఉండి కూడా మనం ఇవ్వలేకపోయాం.

అందుకే మొదట ఆ తలుపు పెట్టండి. రెండు విశ్వవిద్యాలయాలకూ కలిపి ఒక ఎథిక్స్ కమిటీ వేయండి. నెలకో తేదీ ముందే ప్రకటించి, ఆ రోజు తప్పకుండా కూర్చోవాలి. రోగి ఒప్పుకోలు పత్రం తెలుగులో, చదువు రానివాళ్లకు చదివి వినిపించేలా ఉండాలి, వద్దనే హక్కు వాళ్లకుందని స్పష్టంగా చెప్పాలి. క్యాన్సర్ మీద పీహెచ్‌డీ చేసే ప్రతి విద్యార్థికీ ఇద్దరు గైడ్లుండాలి, ఒకరు డాక్టరు, ఒకరు శాస్త్రవేత్త. డాక్టరు ఓపీ చూసి అలసిపోయి ఉంటాడు, నిజమే. కానీ తన రోగి సంగతి ఇంకొకరు లోతుగా చదువుతున్నారంటే సంతోషించే డాక్టర్లు మన ఊళ్లో నాకు తెలిసే చాలామంది ఉన్నారు. వాళ్లకు వారంలో ఒక పూట ఓపీ నుంచి సెలవివ్వండి, అది చాలు.

అంతస్తు దొరికితే అందులో రక్తం, కణితి ముక్కలు ఏళ్లతరబడి దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు కావాలి. కరెంటు పోతే వెంటనే అందుకునే జనరేటర్ కావాలి. ఒక రాత్రి కరెంటు పోతే పదేళ్ల శాంపిళ్లు పాడవుతాయి. టీ కణాలను రకాలవారీగా లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్ ఒకటి కావాలి. యంత్రం కొనడం తేలిక. దాన్ని నడిపే టెక్నీషియన్ జీతం, ఏటా అయ్యే రసాయనాల ఖర్చు బడ్జెట్‌లో రాయకపోతే అది గుడ్డ కప్పుకొని మూల కూర్చుంటుంది. అలాంటి యంత్రాలను నేను చూశాను, మీరూ చూసే ఉంటారు.

అది కుదిరాక టాటా వాళ్ల చిన్న మోతాదు పద్ధతిని మన రోగుల్లో జాగ్రత్తగా, ట్రయల్ నిబంధనల ప్రకారం, నిపుణుల పర్యవేక్షణలో చూడవచ్చు. ఇందులో చిన్న విషయాలే పెద్దవి. నివోలుమాబ్ 40 మిల్లీగ్రాముల సీసాలో దొరుకుతుంది. 20 మిల్లీగ్రాములే కావాలంటే ఒక సీసా ఇద్దరికి సరిపోతుంది, కానీ ఆ ఇద్దరూ ఒకేరోజు రావాలి. భూపాలపల్లి నుంచి ఒకరు, మహబూబాబాద్ నుంచి ఒకరు ఒకేరోజు వరంగల్ రావడం కష్టమేమీ కాదు. వాళ్లిద్దరినీ మూడు వారాలకోసారి వరంగల్‌కు ఇంకో 140 కిలోమీటర్ల అవతల ఉన్న హైదరాబాద్‌కు రమ్మంటే, ఒంట్లో ఓపిక లేని మనిషి రెండోసారికే ఆగిపోతాడు. కాజీపేటలో పొద్దున రైలు ఎక్కే జనంలో రిపోర్టుల కవరు చేత్తో పట్టుకొని, చెంప మీద కొంగు అదుముకొని నిలబడేవాళ్లను చూస్తే ఇది ఎవరికైనా అర్థమవుతుంది.

మన దగ్గర లెక్కలు తయారైతే వాటిని పట్టుకొని ఆరోగ్యశ్రీ వాళ్ల దగ్గరికి వెళ్లవచ్చు. 2023 డిసెంబర్‌లో దాని పరిమితి 10 లక్షలకు పెంచారు. తెలంగాణ రోగుల్లో ఏ మోతాదు ఎంత పనిచేసింది, ఎంత ఖర్చయింది, ఎవరికి ఇబ్బంది వచ్చింది అని మన డాక్టర్లే కాగితం మీద చూపిస్తే ప్రభుత్వం నిర్ణయం తీసుకోవడం తేలికవుతుంది. లేకపోతే ఎప్పుడూ వేరే దేశపు రోగుల లెక్కలతోనే మన వాళ్ల వైద్యం నడుస్తుంది.

ఇంకొక్క విన్నపం. రెండేళ్లకు ఫలితం రాలేదని దీన్ని మూసేయకండి. ఆలిసన్ ప్రయోగానికీ మందుకూ మధ్య ఎంతకాలం పట్టిందో పైన రాశాను. మీ పదవీకాలం మూడేళ్లు. మీ తర్వాత వచ్చేవాళ్లు కూడా కొనసాగించేలా పాలకమండలిలో తీర్మానం చేసి, నిధికి వేరే పద్దు పెట్టి వెళ్లండి.

ఈ విద్యాసంవత్సరంలోనే మీరిద్దరూ కూర్చొని ఒక సమావేశం పెట్టాలని ప్రార్థిస్తున్నాను. నన్ను పిలవకపోయినా ఫర్వాలేదు. పాథాలజీ చూసే ఒక డాక్టరును, క్యాన్సర్ ఆపరేషన్లు చేసే ఒక సర్జన్‌ను, కాకతీయ బయోటెక్నాలజీ నుంచి ఒక అధ్యాపకుడిని, పీహెచ్‌డీకి అంశం వెతుక్కుంటున్న ఒక విద్యార్థిని తప్పకుండా పిలవండి. అంతస్తు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఉమ్మడి ఎథిక్స్ కమిటీ తేదీ ఆ రోజే ఖాయం చేయవచ్చు.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్